ఇష్బెల్ అగ్గిపెట్టెలు

నా కొట్టు గుమ్మం పక్కనే ఉంది మెషీను.
నెత్తిన నీలం దీపం,
కింద చీమల్లాంటి అక్షరాల్లో
ఒక పౌండు తొంభై తొమ్మిది:
నీ డబ్బు నీ చేతికివ్వడానికి
అది పుచ్చుకునే దస్తూరి.
అందులో ముప్ఫై పెన్నీలు నావి.
దాచడమెందుకు, ఆ ముప్ఫైలతోనే
చలికాలం కరెంటు బిల్లు కట్టేవాణ్ణి.

ఇష్బెల్ మాత్రం దాని మొహం చూసేది కాదు.
గ్రీనాక్ వాన అడ్డంగా కొడుతున్నా
ప్రతి గురువారం
తలకి ప్లాస్టిక్ రుమాలు కట్టుకుని
నా అద్దాల ముందునుంచే నడిచిపోయేది
కొండ మీదికి, బ్యాంకు గోడలో
ఊరికే ఇచ్చే మెషీను దాకా.
పోవడానికి పాతిక నిమిషాలు,
రావడానికి ఇరవై, దిగుడు కదా.
తెచ్చుకునేది ఇరవై పౌండ్లు.

బూట్లలో నీళ్ళు చూసి ఒకసారి అడిగాను,
"రెండు పౌండ్ల కోసం ఇంత నడకా?"
"ఓడల యార్డు క్యాంటీన్లో
ముప్ఫై ఏళ్ళు గిన్నెలు తోమాను.
జీతం కవర్లో పెట్టి ఇచ్చేవారు.
కవరు చింపుకున్నందుకు
ఎవడూ నన్ను డబ్బులడగలేదు" అంది.

పై వీధుల్లో, తోటలున్న ఇళ్ళ దగ్గర
మెషీన్లన్నీ ఉచితమే.
ఉన్నవాడికి ఊరికే, లేనివాడికి రుసుము.
ఈ ఎక్కం ఏ బళ్ళో నేర్పారో.

సెంగా అరవయ్యో పుట్టినరోజుకి
మేం టర్కీ వెళ్తున్నామని తెలిసి
ఇష్బెల్ కౌంటరు మీద మోచేతులానించింది.
ఆమె దేశం దాటింది ఒక్కసారే,
బౌల్స్ క్లబ్బు వాళ్ళతో పోర్చుగల్‌కి.
"మెషీను మర్యాదగా అడుగుతుంది,
మీ పౌండ్లలోనే లెక్క చూడమంటారా అని.
ఆ మర్యాదకి పడిపోకు.
వాళ్ళ డబ్బులోనే ఇమ్మను.
చిటికెడు చిటికెడు తియ్యకు,
ఒకేసారి తీసి మేజోడులో దాచుకో.
విమానాశ్రయంలో తళతళలాడేదాన్ని
అసలు ముట్టుకోకు."

ఇజ్మీర్‌లో రాత్రి పదిన్నర.
మొదటి మెషీను అడిగిన రుసుముకి
ఒక పూట చేపల భోజనం వస్తుంది.
రెండోది కార్డు మింగి, ఆలోచించి, కక్కింది.
మూడోదాని దగ్గర సెంగా
చెప్పులు చేత పట్టుకుని మెట్టు మీద కూలబడింది,
"నా పుట్టినరోజు రేపటికి దాటిపోతుంది" అంటూ.
నాలుగోది రుసుమేమీ అడగలేదు. రెండు బొత్తాలు చూపించింది.
పౌండ్ల బొత్తాం పెద్దది, పచ్చటిది.
లీరాలది మూలన, బూడిద రంగులో.
వేలు పచ్చదాని మీదికి పోతుంటే
చెవిలో ఇష్బెల్ దగ్గింది.

తిరిగొచ్చేసరికి
బ్యాంకు తలుపులకి చెక్కలు కొట్టేశారు.
గోడలో మెషీను ఉన్నచోట సిమెంటు,
ఇంకా పచ్చిగానే.
ఆ గురువారం ఇష్బెల్ కొండెక్కి, దిగి
వట్టి చేతుల్తో నా గుమ్మంలో నిలబడింది.
మొదటిసారి మెషీను వైపు చూసింది.
నీలం దీపం ఆమె కళ్ళద్దాల్లో రెండయింది.
పర్సు తెరిచింది. మూసింది.

"అగ్గిపెట్టె కావాలన్నారు కదూ" అన్నాను.
"నేనా? నాది కరెంటు పొయ్యి."
"అయినా కొనండి. ముప్ఫై పెన్నీలు.
కార్డు మీద ఇరవై పౌండ్ల ముప్ఫై గీకుతాను,
ఇరవై గల్లాపెట్టెలోంచి ఇస్తాను.
దీనికి దస్తూరి లేదు."

తూకంలో మోసం పట్టినదానిలా
నన్ను ఎగాదిగా చూసింది.
"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

వాన చప్పుడు వింటున్నట్టు
అటు తిరిగాను.

ఇప్పుడామె వంటింటి కిటికీలో
అగ్గిపెట్టెలు నలభై దాటాయట,
ఒక్క పుల్లా గియ్యలేదట.
కొట్టు కరెంటు బిల్లు నిన్న వచ్చింది.
కవరు ఇంకా చింపలేదు.