కుడి చానల్

వూచ్ నగరంలో, ట్రామ్ మలుపు దుకాణంలో
వీస్వావా చేతిసంచిలో ఆరువందల జ్లోటీలు.
కొత్త యాంప్లిఫయర్‌కి రెండేళ్ల గ్యారంటీ,
అరచేతంత ఒళ్లు, నీలం దీపం.
పాతదానికి ఏమీ లేదు.
కుడి చానల్ అప్పుడప్పుడు అలుగుతుందని
కుర్రాడు ముందే ఒప్పుకున్నాడు.

"కొత్తదాంట్లో తాళపుచిప్పల సన్న గలగల కూడా... వినండి!"
విన్నది.
ముప్పై ఒక్కేళ్ల మిల్లు మగ్గాల హోరు
ఆ గలగలని ఎప్పుడో బట్టలో కలిపి నేసేసింది.
అతనికి చెప్పలేదు.

పాతదాని నాబ్ తిప్పింది.
గరగరమంటూ దుమ్ము గొంతు సవరించుకుంది.
చెక్కపెట్టె మీద అరచెయ్యి ఆనించింది.
వెచ్చగా ఉంది.
బాస్ మణికట్టు దాకా పాకింది.

"ఐదువందల యాభైకి ఇస్తావా?
మిగతా యాభై
దాని అలక తీర్చడానికి."