నాలుగో రోజు, ముహర్రక్

సముద్రం రెండు సందుల అవతలే.
అయినా బకెట్ల ఉప్పు కలుపుత,
హాలుకు సరిపోను సముద్రం చేస్త.

నాలుగొద్దులాయె, సీతాకోక చేప ముద్ద ముట్టది.
రొయ్యను నూకలంత తరిగేసిన.
వాసన చూసి మూతి తిప్పుకొని
అద్దంల తన నీడనే పొడుసుకుంటది.
తోక కాడ ఇంకో దొంగకన్ను.
ఏ కంటితోని నన్ను చూస్తున్నదో!

"తరిగి పెడితే తినదిరా రాజలింగం,"
కుర్చీల నుంచే అన్నది ఉమ్ జాసిం,
ముత్యాలకు మునిగినోని బిడ్డ.
"పొడుసుకొని తింటనే దానికి రుచి."

సూక్‌ల ఆల్చిప్ప తెచ్చి
సగం తెరిచి ఇసుకల పెట్టిన.

ఒక పోటు.
చానాసేపటికి ఇంకోటి.
పసుపు ఒళ్లు గిర్రున తిరిగింది.

ముసలామె లేసొచ్చి అద్దానికి ముక్కు ఆనిచ్చింది.
చేపను చూడలే.
చిప్ప లోపలికే చూస్తున్నది,
ఎవలన్న పైకొస్తరేమో అన్నట్టు.