ఏడో గడి

పైనుంచి వచ్చిన పట్టికలో ఆరే గడులు.
పేరు, తరగతి, ఫోన్ నంబరు,
నెట్ ఉందా, టీవీ ఉందా, తల్లి లేదా తండ్రి సంతకం.
స్కేలు పెట్టి ఏడోది నేనే గీశాను:
ఫోన్ పక్కన ఎవరుంటారు?

వైన్ షాపులు తెరిచారు, బడి తెరవలేదు.
అడ్డగుట్ట ఎత్తుపల్లాల గల్లీల్లో
మూడో తరగతి ముప్పై ఒక్కమంది
ముప్పై ఒక్క చోట్ల ఉన్నారు.
నా ముందు హాజరు పుస్తకం,
చల్లారిన చాయ్,
ఒక ఎర్ర పెన్ను, ఒక నీలం పెన్ను.

నఫీసున్నిసాకి ఫోనంటే అబ్బాది.
పొద్దున ఐదింటికి ఆటోతో పాటే లేచి పోతుంది,
ఊరంతా తిరిగి తిరిగి
రాత్రి ఎనిమిదిన్నరకి నాలుగు శాతం ప్రాణంతో ఇల్లు చేరుతుంది.
ఆమె పేరు పక్కన రాసుకున్నాను: రాత్రి బడి. పావుగంట.
రాథోడ్ అఖిల్‌కి ఫోనుంది, మాట వినపడదు.
బిపిన్ సాహూ వాళ్ళది మాట బాగానే వినపడుతుంది,
నెలాఖరుకి బ్యాలెన్సుండదు.
ధీరజ్ వీడియో తీస్తే వెనక
ఆరేసిన బట్టలు, వాటి కింద
పట్టపగలు పడుకున్న నాన్న.
వాడు ఫోన్ని గోడవైపు తిప్పాడు.
ఆ రోజే అందరికీ చెప్పాను,
కెమెరా వద్దు నాన్నా, గొంతు చాలు.
మూడో ఎక్కం మధ్యలో ఎవరింట్లోనో కుక్కరు కూసింది,
విజిల్స్ కూడా లెక్కపెట్టాం.

ఆదివారం గ్రూపు పెడితే సాయంత్రానికల్లా
ఎవరివో తెలియని మూడు నంబర్లు.
ఒకటి రోజూ గులాబీ పూలతో గుడ్ మార్నింగ్ చెప్పేది.
తీసేశాను. ఇంకో లింకు పట్టుకుని మళ్ళీ దూరింది.
లింకే మూసేసి, ముప్పై ఒక్క తల్లులకి
ఒక్కొక్కరికీ ఫోన్ చేసి గొంతు విని చేర్చుకున్నాను.
రెండు రోజులు పట్టింది.
పాఠం మొదలే పెట్టలేదేంటని అడిగారు.

పైకి పంపాలి, పిల్లల ఫొటోలు పెట్టమన్నారు హెడ్మాస్టరు.
పెన్సిలు పట్టిన చేతులు పంపాను,
అట్టలు చిరిగిన నోటు బుక్కులు పంపాను.
ముఖాలేవమ్మా?
ముఖాలు వాళ్ళవి సార్.
చాలాసేపు ఏమీ టైప్ చేయలేదాయన.
తరువాత ఒక బొటనవేలు వచ్చింది.
ఒప్పుకున్నట్టో, వదిలేసినట్టో.

ఏడో గడిలో పెన్ను ఆగింది సుదీక్ష దగ్గర.
పక్కింటి అంకుల్, అని రాయించింది వాళ్ళమ్మ.
ఆమె తార్నాకలో నాలుగిళ్ళ పని చేస్తుంది,
నాతో మాట్లాడుతూ ఎక్కడో గిన్నెలు కడుగుతోంది.
రోజూ ఆయన గదికే పోవాల్నా?
ఆ.
తలుపు తీసే ఉంటదా?
నల్లా కట్టేసిన చప్పుడు.
నేను ఇంకేమీ అడగలేదు, ఆమె ఇంకేమీ చెప్పలేదు.
ఇగ వద్దు మేడం, కాయితాలే ఇయ్యుండ్రి.

అలా మా బడికి ఒక కిటికీ దొరికింది,
బాలమణి కిరాణంలో, గుడ్ల ట్రేల పక్కన.
సోమవారం పది కాగితాలు వెళ్తాయి,
శుక్రవారం తిరిగొస్తాయి.
ఒక్క సుదీక్షకే అనుకున్నాను,
మూడో వారానికి తొమ్మిదిమంది.
బాలమణి ఒక్క రూపాయి తీసుకోలేదు గానీ
తీసివేతల్లో తప్పుల్ని నాకంటే ముందే దిద్దేస్తోంది.

ఈ శుక్రవారం సుదీక్ష కాగితం మీద పసుపు మరక.
అప్పు తెచ్చుకోవడం ఇంకా రాలేదు,
డెబ్బై రెండులోంచి ముప్పై తొమ్మిది పోతే నలభై ఏడంటోంది.
చివరి ప్రశ్న నేను చేత్తో రాసింది:
చదివేటప్పుడు నీ పక్కన ఎవరుంటారు?
చెల్లి. పిల్లి. అప్పుడప్పుడు బాలమణి అత్త.
దాని కింద, గీత దాటి వంకరగా,
మీ పక్కన, టీచర్?

లాలాగూడ రైలు ఒకటి ఖాళీగా పోతోంది.
ఎర్ర పెన్ను మూత తీశాను.
మళ్ళీ పెట్టేసి
నీలం పెన్ను తీసుకున్నాను.