ఒక్క గుంజుకు ఊడే ముడి

కబ్ద్‌లో తెల్లారడమంటే మొదట వాసన.
తడిసిన గడ్డిమోపు, గుర్రపు ఉచ్చ,
రాత్రంతా చల్లబడిన ఇసక.
వెలుతురు ఆ తర్వాత వస్తుంది.

పన్నెండు గుర్రాలు, ఇద్దరం మనుషులం,
శుక్రవారాలు మాత్రం కనిపించే యజమాని.
ఇక్కడికి వచ్చిననాడు నా దగ్గరున్నవి
జిప్పు తెగిన బ్యాగు,
గడియ చప్పుడుకు వణికే ఒళ్ళు.

వఫ్రాలో మొదటి కఫీలు
నన్ను దాణా గదిలో తోసి బయట గడియ పెట్టినాడు.
జులై నెల, పైన రేకు.
ఒక ఒంటెపిల్ల చచ్చిపోయింది, నేను చంపలేదు,
ఇంతకంటే చెప్పలేను.
పదకొండు రోజులని ఎట్లా తెలుసంటే
పొద్దున పూట నీళ్ళ ట్యాంకరు వచ్చేది.
దాని హారను లెక్కపెట్టుకున్నాను.

లింబాద్రి నాడాలు కొడతాడు. కోరుట్ల పక్కన ఊరు.
గిట్ట చేతిలోకి తీసుకున్నాడంటే
నిద్రపోయే బిడ్డ పాదం తీసుకున్నట్టే.
మొదటి రాత్రి చీకట్లో "పన్నవా?" అన్నాడు.
ఏం పన్నినాను, ఎవరి మీద పన్నినాను,
నా గుండె దడదడ.
నిద్రపోతివా అని ఆయన మాటట!
మా రాయచోటి వైపు పండుకుంటివా అంటాం.
నవ్వినాను.
నవ్వినానని కాసేపటికి గాని తెలియలేదు.

గుర్రాలవి సగం తలుపులు, పై సగం ఎప్పుడూ ఆకాశమే.
అందుకని నేను జుమానా కొట్టంలో, గడ్డి మీద పడుకునేవాణ్ణి.
ఎందుకని ఆయన అడగలేదు.
మూడోనాడు మిట్టమధ్యాహ్నం
నాడాలు పీకే పటకారు తెచ్చి
మా గది గడియకున్న నాలుగు మేకులూ
పుచ్చుపళ్ళు పీకినట్టు పీకేసినాడు.
మేస్త్రీ అడిగితే తుప్పు పట్టిందన్నాడు.
ఆ చలికాలమంతా అన్నంలో ఇసక నమిలినాడు,
పిల్లులు వచ్చి మా దుప్పట్లో ఈనినాయి,
తలుపు మాట ఎత్తలేదు.

గుర్రం నన్ను బాగుచేసిందని కథ చెప్పను.
జుమానా నన్ను రెండుసార్లు కరిచింది.
కాకుంటే దాన్ని చూస్తా ఉండేవాణ్ణి.
ఉలిక్కిపడితే చర్మం ఒకసారి జలదరిస్తుంది,
మళ్ళీ మూతి గడ్డిలో పెడుతుంది.
ఆ మూతి పెట్టడం నాకు రావడానికి
ఏడాది పట్టింది.

"బిగుతు ముడి ఎయ్యకు, బెదిరితే మెడ ఇరుస్కుంటది.
గిట్ల మడత తిప్పు, కొస బయటికిడువు.
ఒక్క గుంజుకు ఊడాలె."
నా వేళ్ళ మీద ఆయన వేళ్ళు.
ముడి అయిపోయింది,
వేళ్ళు అయిపోలేదు.
జుమానా ఒకసారి మమ్మల్ని చూసి
తోకతో ఈగను కొట్టుకుంది.

ఇష్టానికేమో మూసిన తలుపు కావాల.
ఈ దేశంలో మరీ.
రోడ్డు మీద పికప్పు లైటు ఒకటి మా గోడకు తిరిగితే
లింబాద్రి జానెడు జరిగేవాడు,
చీకటి పడగానే ఆ జానెడూ తిరిగి వచ్చేవాడు.
ఎన్ని పికప్పులో, ఎన్ని జానలో.
"నాకేం తొందర లేదురా" అనేవాడు,
గోడవైపు తిరిగి.

ఫిబ్రవరిలో ఒక రాత్రి లేచినాను.
జుమానా పగ్గం తెచ్చి
తలుపును కిటికీ చువ్వకు కట్టినాను,
ఆయన నేర్పినట్టే, మడత తిప్పి.
కొస పిడికిట్లో పెట్టుకుని వచ్చి కూర్చున్నాను.
చెవుల్లో ట్యాంకరు హారను. ఒకటి. రెండు.
ఒళ్ళంతా చెమట, పళ్ళు కొట్టుకుంటున్నాయి.
"గుంజనా?" అన్నాడు.
"ఉండు."
చాలాసేపటికి మళ్ళీ, "గుంజనా?"
"ఉండబ్బా."
ఆయన అరచెయ్యి నా వీపు మీద
గుర్రాన్ని నిమిరినట్టు, వెంట్రుక వాలున,
మెడ నుంచి కిందికి.

ఆ తర్వాతది మా ఇద్దరిదీ.

తెల్లారి చూస్తే కొస నా పిడికిట్లో లేదు,
మంచం కింద పడి ఉంది.
ముడి ముడిగానే ఉంది.
బయట జుమానా
దాణా కోసం తలుపు తన్నుతోంది.