నాలుగో మర

గురువారం రాత్రి.
హైమాకు నలభై కిలోమీటర్ల అవతల, రోడ్డేసేటోళ్ల క్యాంపు.
కంపెనీ జనరేటర్ తొమ్మిదికే పండుకుంటది.
అప్పుడు తెరుస్త నా దుకాణం:
బోర్లించిన పెయింటు డబ్బా, దాని మీద మడతేసిన గోనెసంచి,
బానెట్ లేపిన పాత హైలక్స్,
బ్యాటరీని కరిచి పట్టిన రెండు కొండీలు,
కొండీల చివర ఇటుకంత ఇన్వర్టర్,
దానికి ట్రిమ్మర్.

పగలు కంకర లారీల లెక్క రాస్త. రాత్రికి మంగలిని.
తలకు మూడొందల బైసాలు.
సెలవు మీద పోయేటోళ్లకు ఉత్తగనే.

ఇయ్యాల మొయినుల్ కూసున్నడు.
నాలుగేండ్లకు పోతున్నడు చిట్టగాంగుకు,
తెల్లారగట్ల నాలుగింటికి బండి.
ఎడమ చెవి కాడ మొదలువెట్టి
నడినెత్తి దాక వచ్చిన్నో లేదో
ఇన్వర్టర్ కూసింది.

నిద్రల పండ్లు కొరికినట్టు గిర్రుమని ఒకటి,
దాని ఎనుక ఈగ లెక్క సన్నంగ ఇంకోటి.

"పేలుతది, దూరం జరుగు" అన్నడు వంటాయన శశిధరన్.
"ఒక్కటి సరువు, అదే దారికొస్తది" అన్నడు మెట్‌పల్లి రాజేశం.
చెవిపోటు అంటే చెవి కోస్తమా?
ముందుగాల ఇనాలె.

ట్రిమ్మర్ పీకిన.
ఈగ ఆగింది. గిర్రుమనుడు ఆగలె.
అంటే రోగాలు రెండు.

కత్తెర మొనతోని నాలుగు మరలు విప్పిన.
లోపల అగ్గిపెట్టెంత ఫ్యాను,
దాని నడుముకు ఇసుక కలిసిన ఒక వెంట్రుకల ఉండ.
సెల్లు లైటు కింద విప్పుకుంట పోయిన.
గుల్ జమాన్ గడ్డం, గోరింటాకు ఎరుపు.
శశిధరన్ ఉంగరాలు.
ఎవరిదో మెత్తటిది, ఇరవై ఏండ్లు నిండనిది.
ఇగ ఈ తెల్లటిది, ముదురు తీగ లెక్కటిది,
పోశెట్టిది. చేతికి తెల్వదా!
ఆయనను సలాలా సైటుకు మార్చి ఏడాదాయె.
ఫోనెత్తడు. పదిహేను రియాలు బాకీ.
మనిషి దొరకలె గాని
వెంట్రుక నా ఫ్యానుల తిరుగుతనే ఉన్నది.

ఊది, తుడిచి, తలకు రాసే నూనె ఒక్క చుక్క ఏసిన.
గిర్రుమనుడు పోయింది.
ట్రిమ్మర్ పెట్టంగనే ఈగ మళ్లొచ్చింది.

దాన్ని నేనేం జేయలె.
ఇంట్ల కరెంటు అల లెక్క వస్తది,
దీంట్లది మెట్లు మెట్లుగ దిగుతది,
మెట్టు మెట్టుకు మోటరు మోకాలు కొట్టుకుంటది.
అది రోగం గాదు, పుట్టుక.
నాలుగు రియాల సామాను, నాలుగు రియాల గొంతు.

మళ్ల కత్తిరిద్దమని చెయ్యి లేపిన.
పీ. పీ. పీ.
ఇది మూడోది. ఇది ఏడుపు గాదు, లెక్క:
బ్యాటరీ అడుగంటింది.
కొండీల కింద ఉప్పు లెక్క పూసిన పచ్చటి పొక్కు.
శశిధరన్ తాగంగ మిగిలిన పెప్సీ తెచ్చి పోసిండు,
బుసబుస పొంగింది, గీకిన, బిగించిన.
పీ. పీ.
పొద్దంత బండ్లె రేడియో ఇన్నది ఎవడురా అంటే
రాజేశం చుక్కలు జూస్తున్నడు.
ఇంజను తిప్పుదమంటే
తాళంచెవి ఫోర్‌మన్ దిండు కింద.

మొయినుల్ అద్దం అడిగిండు.
సగం నున్నగ, సగం అడివి.
చాన సేపు చూసుకున్నడు.
"ఇట్ల పోతే ఇమిగ్రేషనోడు
సగం మనిషికే ముద్ర గుద్దుతడు భాయ్."

కొండీలు ఊడబీకిన.
ఐదు సెల్లులు లైట్లు పట్టినయి,
గుల్ జమాన్ రెండు చేతులతోని రెండు.
కత్తెర తీసిన.
కత్తెరకు ఓల్టేజీ లేదు, మెట్లు లేవు.
ఎవ్వడు మాట్లాడలె.
అంత పెద్ద ఎడారిల
చిక్ చిక్ మని అదొక్కటే.

నాలుగింటికి బండి పోయింది.
పొద్దు పొడిచినంక ఇన్వర్టర్ బిగించ కూసుంటె
విప్పినయి నాలుగు మరలు, దొరికినయి మూడు.
గోనెసంచి దులిపిన, ఇసుక జల్లించిన.
మొయినుల్ కాలర్ల పడి
పాటికి సముద్రం దాటుతుండొచ్చు.

అందుకే ఇప్పుడు ఇన్వర్టర్ నడిస్తే
ఒక మూలకు సన్నంగ అదురుతది.
కొత్తగ కూసున్నోడల్లా ఉలికిపడి అడుగుతడు,
"అదేం చప్పుడు?"
తల వంచమంట.