పాటు

ఐదుంపావు. బీచ్ రోడ్డుకి అడ్డంగా
బారికేడ్లు లాగి కానిస్టేబులు ఆవులిస్తాడు.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం
ఇంకా ఆరలేదు.

మా మణికట్లకి తలా ఒక నల్ల బిళ్ళ.
పడితే కనిపెడుతుందట,
ఆసుపత్రికీ అంబులెన్సుకీ
అదే ఫోను చేస్తుందట.

మొదటి వారం అది
సన్యాసమ్మని కాల్చుకు తింది.
గంప దించి, నలభై ఏళ్ళ అలవాటుకొద్దీ
ధబ్బున చతికిలబడితే చాలు,
"మీరు పడిపోయారా?" అని ఒక ఆడగొంతు.
"పడ్నేదే తల్లీ, కూకున్నాను."
"మీరు పడిపోయారా?"
"కూకున్నానంతన్నానా!"
రెండుసార్లు అంబులెన్సు వచ్చింది.
రెండోసారి డ్రైవరు
నెత్తళ్ళు బేరమాడి కొనుక్కెళ్ళాడు.

తీరా ఎల్లాజీ పడ్డ రోజు
అది నోరు మెదపలేదు.
పార్కు రెయిలింగు పట్టుకుని,
వానకి తడిసిన పోస్టరు గోడమీంచి జారినట్టు
నిదానంగా జారాడు మనిషి.
అడుగులు రెండువేల మూడొందలు,
నాడి బాగుంది,
తెర మీద పచ్చ టిక్కు.
రాగిజావ పిల్ల చూసింది.
గ్లాసు అక్కడే పారేసి పరిగెత్తింది.

అందుకని వచ్చింది మౌక్తిక,
ల్యాప్‌టాపు చంకలో, చెప్పులు చేతిలో.
"దీనికి కుర్రాళ్ళు పడటమే తెలుసు తాతగారూ.
ల్యాబులో పరుపులేసి
మా క్లాసు అబ్బాయిలు పడ్డారు.
పెద్దవాళ్ళు ఎలా పడతారో
దీనికెవరూ చూపించలేదు.
మీరు కొంచెం...
పడి చూపిస్తారా?"

మెత్తటి ఇసక వెతికాం.
మోకాళ్ళకి దిళ్ళు, నెత్తిన సైకిలు టోపీలు.
జాగింగు చేసేవాళ్ళు ఆగి
ఇదేం యోగా అని అడిగారు.

"పడ్డం నాకేటి కొత్త?" అంది సన్యాసమ్మ.
"అత్తకాడ మాటలు పడ్డాను.
హుద్‌హుద్‌లో రేకుల కింద పడ్డాను.
సంద్రం మీదికెల్లినోడి కోసరం
ఒడ్డున పడిగాపులు పడ్డాను.
ఏ పడ్డం కావాలో సెప్పు."
పిల్ల నవ్వబోయి ఆగింది.
ముందుకి, వెనక్కి, పక్కకి:
దాని దగ్గరున్నవి మూడే గడులు.
"నాలుగోది కూడా పెట్టమ్మా," అన్నాడు ఎల్లాజీ,
"నిదానంగా జారడం.
సంద్రానికి పోటొక్కటేనేటి,
పాటు కూడా ఉంటాది.
పోటుకైతే సప్పుడుంటాది."
అది టైపు చేసుకుంది.

నేను షిప్‌యార్డులో రిగ్గర్ని.
ముప్పైనాలుగేళ్ళు తాళ్ళు, కప్పీలు, ఎత్తులు.
అక్కడ మాకు నేర్పిందల్లా పడకపోవడం.
పడటం దాలినాయుడొక్కడే చూపించాడు,
ఎనభై ఏడులో, స్లిప్‌వే దగ్గర.
ఆ మధ్యాహ్నం సైరను
భోజనాలకి మోగినట్టే మోగింది.
అతని క్యారేజీ మూత
ఎవరు తీశారో, ఎవరు మళ్ళీ పెట్టారో
ఇప్పటికీ తెలీదు.

అది పిల్లకి చెప్పలేదు.
"పక్కకా, వెనక్కా?" అనడిగాను.
"మీ ఇష్టం."

వెనక్కి పడ్డాను.
చేతులు వాటంతటవే తాడు కోసం వెతికాయి.
వీపుకి చల్లగా ఇసక,
మెడ కింద ఒక గవ్వ.
ఇంత ఆకాశాన్ని
ఇలా కిందనుంచి
ఎప్పుడూ చూసినట్టు లేదు.
అతను చూసుంటాడు.

"మీరు పడిపోయారా?"
ఆడగొంతు. మొదటిసారి సరిగ్గా అడిగింది.
కాదని చెప్పడానికి ఇరవై సెకన్లు.
మౌక్తిక చెయ్యి ఊపుతోంది,
"తాతగారూ, మీట నొక్కండి, అది నిజం కాల్!"
పది. తొమ్మిది.
అల వచ్చి మడమ తాకి పోయింది.
నాకు నొక్కాలనిపించలేదు.
"అవును," అన్నాను బిళ్ళతో.

చినవాల్తేరు వైపు నుంచి
సైరను బయల్దేరింది.
సన్యాసమ్మ కొంగు దులుపుకుంటూ లేచింది.
"నెత్తళ్ళకే వస్తన్నాడు,
అరకేజీ పక్కనెట్టాలి."