ముప్పై రెండు దాటితే

వఫ్రాలో మా షెడ్డుకు
తడి అట్టల గోడ గుండా గాలి లాగుతాయి ఆరు ఫ్యాన్లు.
వాటి చప్పుడుకు నా ఎడమ చెవి అలవాటు పడింది,
కుడి చెవి ఇంకా పడలేదు.
బయట నలభై ఏడు.
లోపల టమేటాకు ఇరవై ఎనిమిది.

"ముప్పై రెండు దాటితే ఎరుపు పుట్టదు రెడ్డెప్పా"
అన్నాడు హమ్దీ, ఈజిప్టు ఇంజనీరు,
ఒక దోరకాయను బొటనవేలితో రుద్దుతా.
"పసుపు వస్తుంది, నారింజ వస్తుంది,
అసలు ఎరుపు మాత్రం అలిగి కూర్చుంటుంది."
దానికో పేరుందంట. లైకోపీన్.
పెండ్లికొడుకు ఇంటిపేరు పలికినంత మర్యాదగా పలికినాడు.

మదనపల్లె మార్కెట్లో పదకొండేళ్లు క్రేట్లు మోసినోణ్ణి.
ఈ భుజమ్మీద ఎంత ఎరుపు పోయిందో లెక్క లేదు.
కిలో రూపాయైన రోజు
యార్డు గేటు ముందర పారబోస్తే
లారీ టైర్లు తొక్కుకుంటా పోయిన ఎరుపు,
చెప్పులకంటుకుని ఇంటిదాకా వచ్చిన ఎరుపు,
దానికో పేరుందని ఒక్కరూ చెప్పలేదు.
మాకు తెలిసిన పేర్లు రెండే:
రేటుంది, రేటు లేదు.

గుండెకు మంచిదంట.
మగోళ్లకు వయసు మీద పడినాక
ఒంటేలు కాడ వచ్చే జబ్బుకూ మంచిదేమోనంట.
ఎండకు కమిలే తోలుకు
లోపల్నుంచి గొడుగు పట్టొచ్చునంట.
మెడ తడుముకున్నా.
కాలరు కాడ గీత గీసినట్టు రెండు రంగులు.

"ఖాయమా?" అన్నాడు రాజలింగు, జగిత్యాలాయన.
ఏజెంటు మాట నమ్మి వచ్చినోడు,
ఇప్పుడు దేన్నీ నమ్మడు.
హమ్దీ అద్దాలు తుడుచుకున్నాడు.
"చూస్తున్నారు. కొందరిలో కనబడింది, కొందరిలో లేదు.
ఇది మందు కాదు, కూర."
నాకా మాట నచ్చింది.
ఈ ఎడారికి వచ్చినాక
తెలీదని ఒప్పుకున్న మొదటి పెద్దమనిషి.

పచ్చిగా తింటే అంతగా ఒంటికి పట్టదంట,
నూనెలో మగ్గితేనే బాగా దిగుతుందంట.
ఈ ముక్క చెబితే
రాయచోటి గఫూరు గరిటె ఎత్తి నవ్వినాడు:
"మా నానీ యా కాలేజీలో చదివింది, చెప్పు!"
నున్నటివి స్టిక్కరు అంటించుకుని
సాల్మియా అద్దాల అంగళ్లకు పోతాయి.
పగిలినవి, వంకరవి, పెట్టె ఎక్కనివి
అన్నీ గఫూరు బాండలిలోకే.
నూనె ఎర్రగా పైకి తేలి, కంటిరెప్ప మాదిరి అదురుతుంది.
ఆ పూట పదహారు మందిమి, ఎవరం మాట్లాడం.

మే నెలాఖర్లో ఒక శుక్రవారం మోటరు కాలింది.
మూడో వరుస అట్టలు ఎండినాయి.
స్పేరు పార్టు వచ్చేసరికి ఆరు రోజులు.
ఆ వరుస కాయలు
పండినాయి గానీ ఎర్రబడలేదు,
కామెర్లొచ్చిన కళ్లతో చూసినాయి మమ్మల్ని.
హమ్దీ ఒక్కొక్క కాయా చేత పట్టుకుని
పుస్తకంలో రాసుకున్నాడు.
పాపం, నిద్ర కూడా పోయినట్టు లేడు.

ఆ రాత్రి ఆ వరుస థర్మామీటరు
జేబులో వేసుకుని రూముకొచ్చినా.
మా ఏసీ అరుస్తుంది గానీ ఊదదు.
రెండంతస్తుల మంచాల నడుమ మేకుకు తగిలిస్తే
ముప్పై నాలుగు.
మోతాలిబ్ పైమంచం నుంచి తొంగి చూసి
"మరి మనం ఏ రంగు?" అన్నాడు
బెంగాలీ యాస హిందీలో.
నవ్వినాం.
కొంచేపటికి నవ్వు ఆగింది, ఏసీ అరుపు ఆగలేదు.

తెల్లారి దాన్ని దాని చోట్లోనే పెట్టేసినా.
ఎవరూ అడగలేదు.

నా ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం
గఫూరు కూర నిలిచినంత మేర ఎర్రగా ఒక గీత.
సబ్బు, నిమ్మచెక్క, ఆఖరికి ఇసక, అన్నీ అయినాయి.
పోదు.
రాజలింగు దాన్ని ట్యూబులైటు కేసి ఎత్తి పట్టి
చానాసేపు చూసి,
"గిదైతే ఖాయం" అన్నాడు.